దొరగారి ఆపరేషను

అమ్మా కోడలా,

మీ అత్తయ్యవీ నావీ మనసారా ఆశీస్సులు. ఇక్కడ మేమందరం కులాసా. అందరం అన్నప్పుడు నాలుగు కాళ్ల దొరను కూడా కలుపుకొని రాస్తున్నాను. ఈ ముక్క ధైర్యంగా రాయగలిగే రోజు కోసం ఆగాను, అందుకే జవాబు ఇంత ఆలస్యమైంది.

మీ సర్వే క్యాంపునుంచి సామాన్ల జీపులో పంపిన నీ ఉత్తరం అందింది. రోడ్డుకోసం కొండను కొలుస్తూ జారిపడ్డావనీ, మోకాలు గీరుకుపోయిందనీ రాశావు. ఆ ముక్క మీ అత్తయ్య నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. నేనేదో మింగేసి చదువుతున్నానని ఆవిడ అనుమానం. చివరికి కళ్లజోడు తెచ్చుకొని తనే చదువుకుంది. మోకాలు ఇప్పుడెలా ఉందో సరిగ్గా రాయి. "బాగానే ఉన్నాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టకు. నేను మనుషుల్ని కొలిచేవాణ్ణి, నువ్వు కొండల్ని కొలిచేదానివి. నా పనిలో జారిపడే భయం లేదు.

అబ్బాయికి బస్సు రూటు మార్చారు. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటున్నాడు. వాడు స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని చిక్కాడో లావయ్యాడో మీ అత్తయ్యా నేనూ తేల్చుకోలేకపోతున్నాం. వచ్చాక నువ్వే చెప్పాలి.

ఇక నువ్వడిగినవన్నీ దొర గురించే కదా. చెప్తాను.

కుట్లు తీశారా అన్నావు. మొన్ననే తీశారు. డాక్టరమ్మ, "ఎంత శుభ్రంగా మానిందో చూడండి" అని నన్ను వంగి చూడమంది. ఇన్నేళ్లూ కుట్ల మీదే బతికిన దర్జీని, ఆ కుట్లు మాత్రం చూడలేకపోయాను. అబ్బాయి చూసి బాగుందన్నాడు, నేను నమ్మాను.

ఆపరేషను రోజు పొద్దున వాడికి తిండి పెట్టొద్దన్నారు. మీ అత్తయ్య వాడి ఎదుట తినలేక తనూ ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం ఇంటికి తెచ్చాం. మత్తు దిగక తూలుతూ, వణుకుతూ, కటింగు బల్ల కింద గోడవైపు మొహం పెట్టి పడుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తోకైనా కదపలేదు. ఇలాగే ఉంటాడని డాక్టరమ్మ ముందే చెప్పింది గానీ, చెవిన పడ్డ మాట గుండెదాకా దిగాలి కదా. దీపాలు పెట్టే వేళకు లేచాడు. గోడ పట్టుకొని నడిచే ముసలాయనలా గిన్నెదాకా వెళ్లి, అది ఖాళీగా ఉందని నావైపు తిరిగి చూశాడు. ఆ చూపుతో నా ప్రాణం లేచొచ్చింది.

నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు ఒకటి తగిలించారు. దానితో ఇంట్లో ఒక్క గుమ్మాన్నీ వదలకుండా గుద్దాడు. పాంటు కొలతలకని నిలబడ్డ బ్యాంకు మేనేజరుగారి మోకాళ్ల వెనక పొడిస్తే ఆయన సరాసరి నా మీదికి ఒరిగారు. ఇక లాభం లేదని కాలరు గుడ్డా స్పాంజీ కలిపి మెత్తటి పట్టీ కుట్టాను. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోరు కుట్లదాకా పోవడం లేదని తేల్చుకున్నాకే సరేనంది.

మధ్యలో ఒకరోజు కుట్ల దగ్గర కాస్త వాచింది. వాణ్ణి ఎత్తుకొని పరుగెత్తాం.

"మెట్లెక్కనిచ్చారా?" అంది డాక్టరమ్మ.

"నేను ఎక్కనివ్వలేదండీ. వాడే ఎక్కాడు."

"మరి గొలుసు దేనికండీ ఇచ్చింది? గోడకు తగిలించడానికా?"

మీ అత్తయ్య నావైపు చూసిన చూపు నీకు తెలిసిందే. ఆ రోజునుంచి గొలుసు పట్టుకొని వాడి వెంట నేనే తిరిగాను. వాపు తగ్గింది. ఇప్పుడు చెయ్యేసినా ఊరుకుంటున్నాడు.

నీరసపడిపోయాడా అన్నావు. లేదు తల్లీ. వీధి మలుపుదాకా నన్ను ఈడ్చుకుపోతూనే ఉన్నాడు. బల్లకోడు దగ్గరా, కస్టమర్ల మూటల దగ్గరా కాలెత్తడం మాత్రం బాగా తగ్గింది. దిండును పట్టుకొని వాడు చేసే ఆ వెధవ పని కూడా దాదాపు మానేశాడు. ఇదంతా ఒక్కసారిగా పోదనీ, కొన్ని వారాలు పడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మొరగడం సంగతి అడిగితే, "అది కత్తితో పోయేది కాదండీ, మీరు నేర్పితే పోయేది" అంది. నేర్పుతున్నాను. ప్రస్తుతానికి నేను మాట్లాడితే వాడు మొరుగుతున్నాడు, వాడు మొరిగితే మీ అత్తయ్య నన్ను మాట్లాడొద్దంటోంది. ఆకలి పెరిగింది. లావెక్కుతాడని గిన్నెలో కొంచెం తగ్గించి ఉడికించిన క్యారెట్టు ముక్కలు కలుపుతున్నాం. ముక్కలన్నీ ఏరి నేలమీద పెట్టి, మిగతాది తిని, ఆనక దిక్కులేక అవీ తింటున్నాడు.

నీమీద కోపంగా ఉన్నాడా అని కూడా అడిగావు. కోపమో ప్రేమో తెలియదు గానీ, నీ ఉత్తరం వచ్చిన కవరు నమిలేశాడు.

ఇంతవరకు రాసిందంతా నిజమే. ఇప్పుడు అబద్ధం దగ్గరికి వస్తాను.

క్రితం ఉత్తరంలో, "ఆపరేషను అయిపోయింది, దొర కులాసా" అని రాశాను చూడు, అప్పటికి ఏ ఆపరేషనూ కాలేదమ్మా. నువ్వు వెళ్లేముందు డాక్టరమ్మతో మాట్లాడి రోజు ఖాయం చేసి వెళ్లావు. ఆ రోజు వాడికి జ్వరమని చెప్పి మానిపించాను. ఆవిడ ఇంకో రోజు ఇస్తే మళ్లీ జ్వరమే అన్నాను. జ్వరమూ లేదు, ఏమీ లేదు. కుర్రవాడు, వాడి మగతనం మనమెందుకు తీసెయ్యాలి అనిపించింది. తర్వాత ముడుచుకొని మూల కూర్చుంటాడని భయం. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. ఏం రాయాలో తోచక అయిపోయిందని రాసేశాను. నువ్వు సంతోషించి, కుట్ల గురించి ఇన్ని ప్రశ్నలు రాసి పంపావు. అవి చదువుతుంటే తలెత్తుకోలేకపోయాను.

ఆ వారమే వాడు పెరటి గోడ దూకాడు. కింది వీధిలో ఆడకుక్క ఒకటి ఎదకు వచ్చిందట. వానరోజు. సైకిలు వేసుకొని, "దొరా! దొరా!" అని అరుస్తూ ఊరంతా తిరిగాను. ఒకాయన స్కూటరాపి, "నన్నేనాండీ?" అన్నాడు. మామూలప్పుడైతే నవ్వేవాణ్ణి. ఆ రోజు వాడు దొరకలేదు. మర్నాడూ దొరకలేదు. అబ్బాయి సెలవు పెట్టి లారీల అడ్డాలన్నీ గాలించాడు. పక్కనే సైకిలు తొక్కుతూ ఒక్కటే మాటన్నాడు: "నాన్నా, వాడు దొరకనీ దొరక్కపోనీ, ఆమెకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

నీ కుక్కను పోగొట్టి నీ ఎదుట ఎలా నిలబడాలి? నువ్వు పెళ్లై వచ్చిన రోజున సూట్‌కేసుతో పాటు వాణ్ణి చంకనేసుకొని దిగితే, "ఇదేమిటి, ఈ బొచ్చు మూట" అన్నవాణ్ణి నేనే కదా.

చివరికి కలప డిపో వెనక దొరికాడు. దుంగల సందులో ముడుచుకొని ఉన్నాడు. మందలో కొట్లాడినట్టున్నాడు, ఎడమ చెవి చీలిపోయింది, వెనక కాలు నేల మోపలేకపోతున్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. సైకిలు బుట్టలో మేనేజరుగారికి ఇవ్వాల్సిన కోటు ఉంది. ఏమీ ఆలోచించకుండా అందులో చుట్టి, రొమ్ముకు అదుముకొని, డాక్టరమ్మ దగ్గరికి నడిచాను. నా సైకిలు కూడా అబ్బాయే తెచ్చాడు. కోటు మళ్లీ కొత్తగా కుట్టాను. ఆలస్యమెందుకని ఆయనడిగితే మిషను చెడిందన్నాను. ఆ అబద్ధం మాత్రం ఉండనీ.

డాక్టరమ్మ చెవి కుట్టింది, కాలు విరగలేదంది. ఆ తర్వాత నన్ను చూసి, "జ్వరం తగ్గిందాండీ?" అంది. నేల చీలితే బాగుండుననిపించింది. నా భయమేమిటో దాచకుండా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"వాడికి పరువు ప్రతిష్ఠల గొడవ లేదండీ. లేవగానే తిండి అడుగుతాడు, అంతే. గోడ దూకాలనే తహతహ తగ్గితే వాడికే హాయి."

చెవి మాని, కాలు కుదుటపడ్డాక రోజు అడిగింది నేనే. తీసుకెళ్లిందీ నేనే. లోపల ఉన్నంతసేపూ బయట బెంచీమీద కూర్చుని మొక్కని దేవుడు లేడు. తర్వాత ఆవిడ చెప్పినట్టే అయింది. గోడవైపు వెళ్తాడు, వాసన చూస్తాడు, వెనక్కి వచ్చి గుమ్మంలో పడుకుంటాడు. రాత్రి తలుపు గడియ వేశామా అని ఇదివరకు పదేపదే లేచేవాణ్ణి. ఇప్పుడు ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాను. చెవి చివర చిన్న చీలిక మిగిలింది, వచ్చాక చూసి బెంగపడకు.

ఇదమ్మా సంగతి. నువ్వు ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ నా మీద ఒక్కసారీ విసుక్కోలేదు. నేను తప్పు కొలతలు తీసి నీ జాకెట్టు బిగించి కుట్టినా, "పర్వాలేదు మామయ్యగారూ" అన్నావు. ఈసారి పర్వాలేదని మాత్రం రాయకు. కూతురైతే ఏం రాసేదో అదే రాయి. నీ జవాబు రాగానే ఇంట్లో అందరికీ వినిపించేలా పెద్దగా చదవమని మీ అత్తయ్య ఇప్పటికే అడుగుతోంది.

ఇట్లు,
తిట్లు తినడానికి తయారుగా కూర్చున్న
నీ మామయ్య