నా మడమ గురించి అమ్మ సాక్ష్యం

నవంబర్ 3, 2025. సోమవారం. ఉదయం 6:20

మైలు 6:14 నిమిషాల్లో. మడమ మళ్లీ నొప్పి.

నాచారం స్కూల్ గ్రౌండ్ మీద మంచు. నేను పనిచేసే మసాలా ఫ్యాక్టరీ నుంచి ధనియాలు వేగే వాసన ఇక్కడిదాకా వస్తోంది. మూడో రౌండ్‌లో ఒక చోట ఊపిరి చప్పుడు వినపడదు. కాళ్లు నావి కావు. ఎవరో నా బదులు పరుగెత్తుతుంటే నేను పక్కన తేలుతున్నట్టు ఉంటుంది. ముప్పై ఒకటో ఏట ఇంకేం కావాలి?

ఆరు నిమిషాల లోపు కావాలి. డిసెంబర్ 6న ఉప్పల్‌లో మైలు రేస్. పేరు ఇచ్చేశాను. కోచ్ ఉపేందర్ అన్న మాత్రం, టైం తర్వాత సూద్దాం, ముందు ఆ మడమ సూపించుకో చెల్లె అన్నాడు.

నవంబర్ 5

ఫిజియో మేడమ్ మడమ వెనక వేలితో నొక్కింది. కేక పెట్టాను. నరం వాచిందట. గిట్లనే ఉరికితే తెగుతది, తెగితే ఆపరేషన్, ఇగ ఉరుకుడు మర్చిపో అంది. ఆరు వారాలు రెస్ట్. రేస్‌కి ఉన్నది నాలుగు వారాలు.

నవంబర్ 7. శుక్రవారం

అమ్మ ఉపవాస ప్రార్థనకు లాక్కెళ్లింది. పాస్టర్ గారు మడమకు ప్రార్థన నూనె రాశారు. నూనె వెచ్చగా ఉంది. నిద్రొచ్చింది. తగ్గిందా బిడ్డా అని అమ్మ అడిగితే తగ్గిందన్నాను. నిజంగానే ఆ పది నిమిషాలు తగ్గింది.

నవంబర్ 9. ఆదివారం

కొంప మునిగింది.

చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల టైంలో అమ్మ లేచింది. మా అమ్మ దానమ్మ, నలుగురిలో నోరు విప్పని మనిషి, మైకు పట్టుకుంది. డాక్టర్లు ఆరు వారాలన్నరు, దేవుడు రెండు దినాలల్ల నా మరియ మడమ బాగు జేసిండు అంది. హాలంతా స్తోత్రం, స్తోత్రం.

నన్ను లేచి నిలబడమన్నారు. చాప మీద నుంచి లేచే ఆ మొదటి అడుగు ఎట్లా ఉంటుందో దేవుడికే తెలుసు. నవ్వుతూ లేచాను. బయటికొచ్చి చెప్పులు వేసుకునేదాకా నవ్వు తీయలేదు. పక్కింటి రాణి అత్త, రేసుకు మన చర్చి సంగమంతా వస్తం బిడ్డా అంది.

నవంబర్ 14

మైలు 6:06. ఇంట్లో అమ్మ ఉన్నంతసేపూ కుంటడం లేదు. నటన బాగానే వస్తోంది.

నవంబర్ 18. ఉదయం 6:10

ఉప్పల్ మెట్రో పిల్లర్ల కింద మెల్లగా జాగింగ్. పైన దాదాపు ఖాళీ రైలు లైట్లేసుకుని పోయింది. నేను అందులో కిటికీ దగ్గర కూర్చుని, కింద పరుగెత్తే నన్ను చూసుకుంటున్నాననిపించింది. పైనున్నదానికి ఏ నొప్పీ లేదు. చాలాసేపు ఆ పైనున్న నాలోనే ఉండిపోయాను.

నవంబర్ 21

5:59!

ఉపేందర్ అన్న వాచీ రెండుసార్లు చూశాడు. ఆ తర్వాత కూలబడినదాన్ని లేవలేకపోయాను. అనుకున్న టైం వచ్చె గదా, ఇగ రేసెందుకు చెల్లె, జన్మల మల్ల ఉరకవా ఏంది అని గదమాయించాడు. రేస్ నా కోసం కాదన్నా, ఉరకకపోతే మా అమ్మ సాక్ష్యం అబద్ధమైతది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఆయన మా చర్చి కాదు.

నవంబర్ 28. ఉదయం 5:00

మంచం దిగి గోడ పట్టుకుని కుంటుతూ బాత్రూమ్ వైపు వెళ్లాను. వంటింట్లో లైటు లేదు, ఎవరూ లేరనుకున్నాను. అమ్మ చీకట్లో మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటోంది. చూసేసింది.

ఎన్ని దినాల సంది అని అడిగింది. తగ్గనే లేదన్నాను. మల్ల నాకెందుకు జెప్పలే అంది. నువ్వు మైకుల జెప్తివి గదమ్మా అన్నాను.

అమ్మ లేచింది. టీ పెట్టింది. చక్కెర వేయడం మర్చిపోయింది. ఇద్దరం అట్లాగే తాగేశాం.

నవంబర్ 30. ఆదివారం

అమ్మ మళ్లీ మైకు అడిగింది.

ఆ దినం నేను జెప్పింది నిజం గాదు, నా బిడ్డకు ఇంక నొస్తనే ఉంది, నా మాట పోవద్దని దాసిపెట్టింది, తొందరపడ్డది నేను, దేవుని తప్పేం లేదు అంది. ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్లను మా చర్చిలో ఎవరూ చూడలేదు. ఒక్కరూ స్తోత్రం అనలేదు. కొందరు పాటల పుస్తకం తిరగేశారు. పాస్టర్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

నాకు సిగ్గేసింది. మా అమ్మంటే ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. చాప మీద నుంచి లేచి, అందరూ చూస్తుండగా కుంటుకుంటూ ఆమె పక్కకు వెళ్లాను.

డిసెంబర్ 6. ఉదయం

రేస్‌కి వెళ్లలేదు. నడవొచ్చని ఫిజియో మేడమ్ అంది. గ్రౌండ్‌లో అమ్మా నేనూ మైలు నడిచాం.

ఆఖరి మలుపులో అమ్మ కొంగు నడుముకు దోపుకుని నా బదులు పరుగందుకుంది. మంచులో కనిపించకుండా పోయింది.

నేను నడిచాను.