పుట్టకొక్కుల జాగా

అత్తమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మన నాచారం ఇంటి వెనక ఖాళీ జాగా చదును చేయడానికి నిన్న జేసీబీ వచ్చింది.

పక్కింటి సైంటిస్టు సారు అక్కడ నాటిన క్రిస్మస్ చెట్టు గుర్తుందా? దానికి ‘అంతరించిపోతున్న జాతి’ అని బోర్డు కట్టాడు కదా. డ్రైవర్ అది చదివి బండి ఆపాడు.

“గిది కొట్టద్దు, జర పైలంగ తియ్యున్రి” అని కూలీలతో అన్నాడు. వేళ్ల మట్టి రాలకుండా గోనెసంచులు చుట్టి, ఉప్పల్‌లో ఒక పార్కుకు పంపారు.

ఆ చెట్టుకు నాలుగడుగుల్లోనే మన చెదలపుట్ట. తొలి ఉరుములకు మనిద్దరం పోయి, దాని మీద తెల్లటి గొడుగుల్లా మొలిచిన పుట్టకొక్కులు కూరకని గంపలో ఏరుకొచ్చేవాళ్లం. చుట్టుపక్కల పుట్టలన్నీ ఇళ్ల కింద పోయాయి, మిగిలింది అదొక్కటే. “జాగ ఎవ్వలకు జెప్పకు బిడ్డా, జెప్తే మల్ల మొలువయి” అని నాతో ఒట్టేయించుకున్నావు.

బండి ఎక్కబోతూ డ్రైవర్ నన్నే అడిగాడు.

“ఇంకేమన్న ఉన్నయా అక్కా, గిట్ల కాపాడేటియి?”

నీ ఒట్టు గుర్తొచ్చింది.

“ఏం లెవ్వు అన్నా” అన్నాను.

పుట్ట ఒక్క దెబ్బకు నేలమట్టమైంది.

ఇవాళ పొద్దున ఉరిమింది అత్తమ్మా. అలవాటుకొద్దీ గంప తీసుకుని గడప దిగాను.