మాగ్నెట్ కమ్మలు

మార్చి 2
నిన్న పార్కు దగ్గర స్టాల్లో మాగ్నెట్ కమ్మలన్నీ అమ్ముడుపోయాయి. చెవులు కుట్టించుకోని వాళ్ళ కోసం చేసినవి. పెన్సిల్‌ని అడ్డంగా బిళ్ళలుగా కోసి, రంగు వేసి, వెనక మిరియపు గింజంత మాగ్నెట్ అంటిస్తాను. చెవి తమ్మెకి అవతల ఇంకోటి. రెండూ టక్కున పట్టుకుంటాయి.

ఇవాళ ఇంకో విడత చేస్తుంటే అక్క వచ్చింది. స్టేషనరీ షాపు మొత్తం చెవులకి దిగేస్తావేమిటే అని నవ్వింది. అంతలోనే ఒక జత పెట్టుకుని అద్దం ముందు నుంచి కదల్లేదు. అక్క కూతురు, మూడేళ్ళ పిచ్చుక, బల్ల కింద గుండీలతో ఆడుకుంది. అల్లరి చెయ్యడం లేదు కదా అని మేం దాన్ని పట్టించుకోలేదు.

మార్చి 3
విడి మాగ్నెట్లు రెండు కనబడటం లేదు. కత్తెరని నేల మీద ఈడ్చాను, అంటుకుంటాయేమోనని. చాప కింద, మంచం కింద, చీపురులో, చెప్పుల్లో. లేవు.

మార్చి 4, పొద్దున
అక్క ఫోన్. పిచ్చుకకి రాత్రి నుంచి వాంతులట. ఏం తిన్నదో ఏమో అంది. మాగ్నెట్లు కనబడటం లేదన్న మాట నేను చెప్పలేదు. మంచినీళ్ళు పట్టించు అని పెట్టేశాను.

నెట్‌లో చూశాను. ఒక్కటి మింగితే చాలాసార్లు దానంతటదే బయటికి వచ్చేస్తుందట. రెండైతే పేగు గోడకి అటొకటి ఇటొకటి చేరి నొక్కేస్తాయట. చిల్లు పడుతుందట.

ఇది రాస్తూ కూర్చున్నానేమిటి. వెళ్ళాలి.

మార్చి 4, సాయంత్రం, హాస్పిటల్
గుమ్మంలోనే చెప్పేశాను. అక్క వెంటనే బావని ఆటో పిలవమంది. పిల్లని భుజాన వేసుకుంది. ఆటోలో పిచ్చుకని అడిగాను, బల్ల మీద చిన్న బిళ్ళలు మింగావా అని. అవునంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావ, ఏనుగుని కూడా మింగావా అని అడిగాడు. దానికీ అవునంది. అప్పుడు కాస్త ఊపిరి ఆడింది.

ఎక్స్‌రేలో కడుపు మధ్య రెండు తెల్లటి చుక్కలు, ఒకదాన్నొకటి కరుచుకుని. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించక్కర్లేకపోయింది. ఏరి కోరి కొన్నది నేనే కదా. వెంటనే ఆపరేషన్ అంది.

అప్పుడు అక్క నా వైపు తిరిగింది. పొద్దున ఫోన్లో ఎందుకు చెప్పలేదే అంది, మెల్లిగా.

మార్చి 5
బతికింది. పేగుకి చిన్న చిల్లు, కుట్టేశారు. అక్క నాతో మాట్లాడటం లేదు.

మార్చి 8
అక్క నా మొహం చూడకుండానే, దీని దగ్గర కూర్చో, స్నానం చేసి వస్తాను అంది. నన్ను నమ్మి కాదు, బావ పనికి వెళ్ళాడు, ఇంకెవరూ లేక. హెయిర్ క్లిప్పు, గాజులు, పిన్నులు, వాచీ అన్నీ తీసి పర్సులో పడేసి, పర్సు బయట నర్సుకి ఇచ్చొచ్చాను. పిచ్చుక గుప్పిళ్ళు రెండూ పట్టుకుని కూర్చున్నాను. అది ఆటనుకుని నవ్వింది. అక్క వచ్చి, చెయ్యి వదులు, దానికి నొప్పెడుతుంది అంది.

మార్చి 9
కొన్నవాళ్ళందరికీ ఫోన్లు. వెనక్కి ఇచ్చేయండి, పిల్లలున్న ఇంట్లో అసలు ఉంచొద్దు అన్నాను. అందరూ సరేనన్నారు. పసుపు జత కొన్నావిడ నంబరు మాత్రం లేదు. ఆవిడ చంకలో పిల్లాడున్నాడు. కమ్మలు చూసి అప్పుడే చెయ్యి చాపాడు.

మార్చి 10
నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ చెయ్యి.

మార్చి 23
బస్సులో ముందు సీట్లో ఒక చెవి, దానికి నా పసుపు బిళ్ళ. ఒళ్ళో పిల్లాడు. ఆవిడ దిగితే నేనూ దిగాను. అమ్మా, ఆగండి, ఆ కమ్మలు అన్నాను. ఆవిడ నడక పెంచింది. నేనూ పెంచాను. సందు మలుపులో గోడకి ఆనుకుని, పిల్లాణ్ణి గుండెలకి అదుముకుని, చెవులవి ఊడదీసి నా చేతిలో పెట్టింది. ఇవి తీసుకుని మమ్మల్ని వదిలెయ్యండి అంది.

తీసుకున్నాను.