తలుపు పట్టకుండా, రంద తడవకుండా

బషీరాబాద్ నివాసి, కీర్తిశేషులు వడ్రంగి అంజిలయ్య భార్య బుగ్గమ్మ అను నేను, మతి సరిగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తోనే రాస్తున్న వీలునామా ఇది. మతికి ఏ రోగమూ లేదు, ఫికరే జర ఎక్కువ.

ఆ ఫికర్ ఏమంటే, వానాకాలంలో మన ముందు తలుపు ఉబ్బి పట్టేస్తుంది. ఆ రోజుల్లోనే నేను పోతే నన్ను ఎట్లా బయటికి తెస్తారు? పెరటి సందులో మేకను దాటించినట్టు దాటిస్తారా? నవ్వకండి. ఈ ఏర్పాట్లన్నీ అందుకే.

1. ఇల్లు, కంది చెలక నా కొడుకు హనుమంతుకు, బిడ్డ కరుణకు చెరి సగం. వీటి గురించి నాకు ఫికర్ లేదు.

2. మా ఆయన చెక్క నునుపు చేసిన కట్టె రంద మాత్రం కొడుకుకు చెందదు. హనుమంతు తాండూరులో బండల పాలిష్ పని చేస్తాడు. అక్కడ దేన్నయినా నీళ్లు పోసి రుద్దుతారు. పోయిన వానాకాలం తలుపుకు రంద కొట్టమంటే, రంద అడుగు వంకరగా ఉందని దాన్ని బండ మీద నీళ్లు పోసి రుద్దాడు. "అద్దం లెక్క జేసిన, సూడవ్వా" అన్నాడు. అద్దం సంగతి దేవుడెరుగు, కట్టె ఉబ్బి బ్లేడు లోపలే బిగుసుకుంది. దసరా దాకా అందరం పెరటి దారినే తిరిగాము.

3. రంద నా కోడలు అరుణాదేవికి. "గా కట్టెముక్క పొయ్యిల వెట్టరాదా అత్తమ్మా" అన్నది ఆమెనే, నేను మరిచిపోలేదు. కానీ దాన్ని గుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టిందీ ఆమెనే.

కోడలా, గుర్తుపెట్టుకో. అడుగు వంకరైతే బండ మీద సాండ్ పేపర్ పరిచి పొడిగానే రుద్దు. రుద్దేటప్పుడు బ్లేడును లోపలికి జరిపి, దాన్ని బిగించే చెక్క చీలను మాత్రం గట్టిగానే ఉంచు. తోసేటప్పుడు పొట్టు రంద నోట్లో ఇరుక్కుంటే బ్లేడు ఎక్కువ దిగినట్టు. రంద వెనుక కట్టెసుత్తితో మెల్లగా కొట్టు, బ్లేడు పైకి వస్తుంది. గడగడలాడితే చీల వదులైనట్టు. తలుపు చెక్క పెచ్చులు లేస్తే నువ్వు చెక్క నార వాలుకు ఎదురు తోస్తున్నావు, అటు తిరిగి తోయి. పనిలో దిగేముందు వంటింట్లో గ్యాస్ బంద్ చేసినవా చూసుకో.

4. కరుణకు నా బంగారు గాజులు. చిన్నప్పుడు వాళ్ల నాయిన రంద కొడుతుంటే రాలే పొట్టు చుట్టలను గాజులని తొడుక్కొని ఊరంతా చూపించేది. ఇవి తొడిగితే చినగవు బిడ్డా, కానీ అంత బాగుండవు.

5. ప్రతి ఏడాది మిరుగం కార్తె చినుకు పడకముందే తలుపు ఊడదీసి రంద కొట్టాలి. హనుమంతు తలుపు పట్టుకోవాలి, అరుణాదేవి రంద తోయాలి. నా దహనం దగ్గర కుండ మోయడానికి తప్ప హనుమంతు చేతికి నీళ్లు ఇవ్వకండి. ఇవన్నీ జరిపించే బాధ్యత కరుణది.

ఇది రాసి, చదువుకొని, సాక్షుల ముందు సంతకం చేశాను.

తేదీ: 9 జూన్ 2025, సోమవారం, మిరుగం మరునాడు
సంతకం: బుగ్గమ్మ

సాక్షులు: మల్లేశ్వర్, పక్కింటివారు
రుక్కమ్మ, ఎదురింటివారు

మరొక్క మాట. మొన్న కొడుకు తలుపు పట్టుకుంటే కోడలు రంద కొట్టింది. రాత్రి వాన పడింది. అయినా సాక్షులిద్దరూ ముందు తలుపులోంచే వచ్చారు. ఇక పోవడానికి నాకు తొందరేమీ లేదు.