అత్తగారి గడి

మార్చి 3
కొత్త ఉద్యోగంలో చేరాను. శరణార్థులకు ఇల్లూ పనీ వెతికిపెట్టే యాప్. నాలుగేళ్ల కిందట నేనూ ఒక్క చేతిసంచితో దిగినదాన్నే కాబట్టి హెల్ప్ డెస్క్ నాకిచ్చారు. బాస్ నాకంటే ఆరేళ్లు చిన్న. అందరికీ నన్ను మా సక్సెస్ స్టోరీ అని చూపిస్తాడు.

మార్చి 11
క్యాంపు నుంచి కుట్టుపని చేసే ఆవిడ వచ్చింది. భర్త దారిలోనే పోయాడట. ఇద్దరు పిల్లలు, చూపు ఆనని అత్తగారు. ఫారం నింపితే స్కోరు ముప్పై ఒకటి. డెబ్భై దాటితేనే ఇల్లు. ఎన్నాళ్లు పడుతుందక్కా అని అడిగింది. స్క్రీన్ నా వైపు తిప్పుకున్నాను.

మార్చి 12
బాస్‌ని అడిగాను. ఫారంలోంచి అత్తగారి గడి తీసేసి చూడమన్నాడు.
ఎనభై నాలుగు.

మార్చి 14
ముందు నువ్వూ పిల్లలూ వెళ్లండమ్మా, వారంలో అత్తగారిని యాడ్ చేస్తాను అన్నాను. ఆవిడ కదల్లేదు. ముసలావిడే కోడలి చెయ్యి విడిపించుకుంది. నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను, పిల్లల్ని తీసుకుని వెళ్లు అంది. ఈ అమ్మాయి మాటిచ్చిందిగా అంటూ నా పక్కనున్న ఖాళీ కుర్చీని చూసి నవ్వింది.

మార్చి 17
బస్సెక్కించాను. పదకొండు గంటల ప్రయాణం. బాస్ ఫొటోలు తీయించాడు.

మార్చి 25
యాడ్ చేసే బటనే లేదు. ప్రోగ్రామర్‌ని అడిగితే, పెడదామనుకున్నాం, ఇంతవరకూ ఎవరూ అడగలేదు అన్నాడు. ముసలావిడ పేర విడిగా ఫారం పెట్టాను. స్కోరు నాలుగు.

ఏప్రిల్ 2
కోడలు ఆరుసార్లు ఫోన్ చేసింది. ఏడోసారి బ్లాక్ చేశాను. మీటింగ్‌లో ఉన్నాను మరి.

ఏప్రిల్ 9
నా అన్నవాళ్లు లేనివాళ్లని సరిహద్దు అవతలి క్యాంపుకి పంపేస్తున్నారు. ముసలావిడని వెంటబెట్టుకుని క్యాంపు ఆఫీసర్ మా ఆఫీసుకి వచ్చాడు. ఈవిడకి కోడలుందట, మీరే పంపారట, నిజమేనా అన్నాడు. అవునంటే ఫారం దొంగదని తేలుతుంది. కోడలి ఇల్లు పోతుంది. నా ఉద్యోగం పోతుంది. కోడలి ఇంటి గురించే ఆలోచించానని రాసుకోవాలని ఉంది.
ఈవిడెవరో నాకు తెలియదండీ అన్నాను.
ముసలావిడ నా గొంతు గుర్తుపట్టింది. ఈసారి సరిగ్గా నా వైపే తిరిగింది. పోనీలే బాబూ, నేనే పొరపాటు పడ్డానేమో అంది ఆఫీసర్‌తో.

ఏప్రిల్ 10
పంపేశారు.

ఏప్రిల్ 28
ఆఫీసుకి పార్సిల్ వచ్చింది. అత్తయ్యకి ఇవ్వక్కా అని చీటీ. చలికోటు. తడిమితే తెలిసేలా పెద్ద పెద్ద గుండీలు కుట్టింది.
తొడుక్కుని చూశాను. సరిపోయింది.