ఆర్ఫా అత్త సన్న గొట్టం తుపాకీ

వెర్లిన్ బాబాయికి,

భుజం ఆపరేషన్ అయ్యాక, కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను తక్కువని అత్త ఈ సన్న గొట్టం తుపాకీ కొంటే, “ఉడతలు కొట్టేదానితో టర్కీ కోడినా, అక్కా?” అని నవ్వావు. ఆమె కాగితం మీద కోడి తల గీసి, గుండ్లు చెదరకుండా తుపాకీ మూతికి బిగించే గొట్టాలు మార్చి మార్చి వారమంతా కాల్చి చూసింది.

“పాతిక గజాలు దాటితే గుండ్లు చెదిరిపోతున్నాయే. ఆలోపు వస్తేనే కొడతా,” అంది నాతో.

నిన్న హికరీ చెట్ల వాలులో పెద్ద పుంజు నలభై గజాల దూరంలో తోక విప్పి నిలబడింది.

“కొట్టత్తా!” అన్నాను.

“గాయపడి పొదల్లో చస్తుందే. పోనీ,” అంది.

ఈ ఉదయం అదే పుంజు ఇరవై గజాల్లోకి వచ్చింది. ఒక్క దెబ్బకే పడింది. దాని రెక్క నిమురుతూ అత్త ఏడ్చేసింది. ఇక వేటాడలేనేమోనని చలికాలమంతా భయపడిందట. మనలో ఎవరికీ చెప్పలేదు, బాబాయ్.

ఆదివారం భోజనానికి రా.

నీ అన్న కూతురు