బ్లాస్టింగ్ అయితే నీళ్లు

మంగళవారం, అన్నం తిన్నాక

ఈరోజు నాకు చాలా గర్వంగా ఉంది. పైకి చెబితే గొప్పలు చెప్పుకుంటోందంటారు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం మా సికిల్ సెల్ రక్తజబ్బు పిల్లల క్లినిక్ నడుస్తుండగా, పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయింది. కిటికీలు గడగడలాడాయి. బెంచీ మీద కూర్చున్న పిల్లలంతా ఒక్కసారే సీసాలెత్తి గటగటా నీళ్లు తాగారు. కొడుకును మొదటిసారి తీసుకొచ్చిన ఒక తల్లి బిత్తరపోయింది.

"ఏందక్కా, అందరు గిట్ల ఒక్కసారే తాగుతున్రు?"

నేను నోరు తెరిచేలోపే ఎనిమిదేళ్ల శ్రావణి అందుకుంది. "బ్లాస్టింగ్ అయితే సీసా ఖాళీ చెయ్యాలె. నీళ్లు తక్కువైతే బొక్కలు నొస్తయి. మా సిస్టర్ చెప్పింది."

ఆటల్లో పడి నీళ్లు మర్చిపోతారని నర్సుగా నేను పెట్టిన గుర్తు అది. పోయిన ఎండాకాలం శ్రావణి ఎముకల నొప్పులతో సగం రోజులు దవాఖానలోనే ఉంది. ఈ ఎండాకాలం ఒక్కసారి కూడా చేరలేదు.

అంతలోనే ఆదివారం గనికి సెలవని గుర్తొచ్చి నాకో ఫికరు పట్టుకుంది.

"మరి ఐతారం బ్లాస్టింగ్ ఉండదు గదా, ఎట్ల బిడ్డా?"

ఇంత చిన్న సంగతి అడుగుతావేంటన్నట్టు చూసింది శ్రావణి.

"ఐతారం మా అవ్వ ధడేల్‌మని తలుపేస్తది."